ఫెజ్, మరాకేష్ పాత ఊళ్లు: సందులన్నీ ఒకేలా ఉంటాయా?

మీరు అడిగినవి మూడు. అమ్మగారితో కలిసి ఎనిమిది రోజులకి మొరాకో వెళ్తున్నారు, మరాకేష్ ఒక్కటి చూస్తే సరిపోతుందా, ఫెజ్ దాకా పోవాలా అన్నది మొదటిది. వీడియోల్లో ఏ ఊరు చూసినా అవే సందులు, అవే దుకాణాలు, దారి తప్పించి డబ్బులు గుంజే మనుషులే కనిపిస్తున్నారు, అంత దూరం పోయి చూడాల్సింది నిజంగా ఉందా అన్నది రెండోది. మాంసం ముట్టని, అరవై దాటిన మనిషి అక్కడ తినగలరా, నడవగలరా అన్నది మూడోది.

ఎరువుల వ్యాపారం పని మీద నేను కొన్నేళ్లు కాసాబ్లాంకాలో ఉన్నాను. మన పొలాల్లో చల్లే డీఏపీకి కావలసిన ఫాస్ఫేటు చాలావరకు విదేశాల నుంచే వస్తుంది, అందులో మొరాకోది పెద్ద వాటా. అలా అక్కడికి చేరినవాణ్ణి, సెలవు దొరికితే చాలు రైలెక్కి ఏదో ఒక పాత ఊరికి పోయేవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఫెజ్ తప్పకుండా చూడండి. మీ ఎనిమిది రోజుల్లో ఎక్కువ వాటా దానికే ఇవ్వండి. సందులన్నీ ఒకేలా కనిపించేది ఆ ఊరు ఎలా నడుస్తుందో తెలియనంత వరకే. అది కాస్త తెలిసి వెళ్తే ప్రతి మలుపూ వేరుగా కనిపిస్తుంది, దారి తప్పుతామన్న భయం కూడా చాలావరకు పోతుంది.

ముందు పేటల సంగతి. మదీనా అంటే ప్రహరీ గోడల లోపలి పాత పట్నం. బయటి నుంచి చూస్తే ఒకే ముద్దలా ఉంటుంది కానీ నిజానికి అది చిన్న చిన్న పేటల కూర్పు. ప్రతి పేటకీ ఓ మసీదు, పిల్లలు ఖురాన్ చదువుకునే బడి, వీధి కుళాయి, హమ్మామ్ అనే స్నానశాల, రొట్టెలు కాల్చే పొయ్యి ఉండాలన్నది పాత పద్ధతి. ఈ అయిదింటినీ వెతుక్కుంటూ నడవండి. ఒక పేట నుంచి ఇంకో పేటలోకి ఎప్పుడు అడుగు పెట్టారో మీకే తెలుస్తుంది. కుళాయిలు ఊరికే నీళ్ల గొట్టాలు కావు, జెల్లీజ్ అనే రంగు పెంకు ముక్కలు పొదిగిన అందమైన గోడ తొట్లు. రొట్టెల పొయ్యిని అక్కడ ఫెర్రాన్ అంటారు. పొద్దున్నే వెళ్తే ఇంట్లో పిండి కలిపి, గుండ్రంగా తట్టి, చెక్క పలక మీద పేర్చి, పైన గుడ్డ కప్పి పిల్లలు మోసుకొస్తుంటారు. పొయ్యి దగ్గర కూర్చున్నతను పొడుగాటి చెక్క గరిటెతో వాటిని లోపలికి తోస్తూ, తీస్తూ ఉంటాడు. పదిళ్ల రొట్టెలు ఒకేసారి కాలుతున్నా ఎవరి పలక మీదికి ఎవరివి పోవాలో అతనికి తెలుసు. ఈ దృశ్యానికి టికెట్టు లేదు, బోర్డు లేదు. నన్నడిగితే రాజభవనాల కంటే ముందు చూడాల్సింది ఇదే. గుమ్మం దగ్గర నిలబడి "సలామ్" అంటే చాలామంది లోపలికి రమ్మనే పిలుస్తారు. ఫోటోకి మాత్రం అడిగి ఒప్పుకున్నాకే ఫోన్ తీయండి.

పేటలు తెలిశాక బజార్లు చూడాలి. ఊరి మధ్యన పెద్ద మసీదు ఉంటుంది. శుభ్రమైన, ఖరీదైన సరుకు దాని పక్కనే ఉంటుంది: అత్తరు, సుగంధ ద్రవ్యాలు, పుస్తకాలు, కొవ్వొత్తులు, పట్టు దారం. మసీదు నుంచి దూరం జరిగేకొద్దీ చప్పుడు చేసే పనులు, పొగ వచ్చే పనులు వస్తాయి. వాసన వచ్చే పనులు, నీళ్లు బాగా కావలసిన పనులు ఏటి ఒడ్డుకి పోతాయి. అంటే ముక్కు, చెవులు పెట్టుకునే మీరు ఊళ్లో ఎక్కడున్నారో అంచనా వేయవచ్చు. సుగంధ ద్రవ్యాల వాసన వస్తోందంటే పెద్ద మసీదు దగ్గర్లో ఉన్నారు. పచ్చి తోలు కంపు కొడుతోందంటే ఏటి దగ్గరికి వచ్చేశారు.

ఫెజ్‌లో దీనికి తోడు ఇంకో సౌకర్యం ఉంది. ఆ ఊరు వాలు మీద కట్టింది. ఏటికి ఒక ఒడ్డున 8వ శతాబ్దం చివర్లో మొదటి ఇద్రీస్ అనే రాజు, రెండో ఒడ్డున 9వ శతాబ్దం మొదట్లో అతని కొడుకు రెండో ఇద్రీస్ కట్టిన జంట ఊళ్లవి. 818లో స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తరిమివేతకు గురైన కుటుంబాలు ఒక ఒడ్డున చేరాయి, ట్యునీషియాలోని కైరువాన్ నుంచి వచ్చినవాళ్లు ఎదుటి ఒడ్డున స్థిరపడ్డారు. తర్వాత 11వ శతాబ్దంలో అల్మొరావిద్ రాజులు రెంటినీ ఒకే గోడ లోపలికి తెచ్చారు. పడమటి వైపు బాబ్ బూజెలూద్ అనే ద్వారం నుంచి తాలా కబీరా, తాలా సగీరా అనే రెండు ప్రధాన వీధులు దిగుతాయి. రెండూ కిందికే, రెండూ కరావియ్యీన్ మసీదు వైపుకే. దారి తెలియకపోతే ఎత్తు వైపు ఎక్కుతూ పోండి, ఎక్కువసార్లు ఈ రెంటిలో ఒక వీధి తగులుతుంది. ఫోన్‌లో మ్యాపు అక్కడి ఇరుకు గోడల మధ్య తడబడుతుంది, వాలు తడబడదు.

బూజెలూద్ ద్వారం చూసి వెయ్యేళ్లనాటిదనుకుంటారు చాలామంది. అది 1913లో కట్టింది. బయటి వైపు నీలం, లోపలి వైపు ఆకుపచ్చ. దాని దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కాస్త దిగగానే బూ ఇనానియా మదరసా వస్తుంది. అక్కడ మాత్రం కూర్చోండి. మరినిద్ వంశపు సుల్తాన్ అబూ ఇనాన్ 1350 ప్రాంతంలో మొదలుపెట్టి అయిదారేళ్లలో పూర్తి చేయించాడు. ముస్లింలు కానివాళ్లకి మొరాకో మసీదుల్లోకి ప్రవేశం లేదు, కాసాబ్లాంకాలోని హసన్ II మసీదు లాంటివి మినహాయింపు. కాబట్టి ఆ పనితనాన్ని దగ్గరగా చూసే చోటు మనకి మదరసాలే. గోడని కింది నుంచి పైకి చూడండి. మనిషి చెయ్యి తగిలే ఎత్తు వరకు జెల్లీజ్, దాని పైన చెక్కిన జిప్సం గచ్చు, అన్నిటికంటే పైన దేవదారు చెక్క. తడి, రాపిడి తగిలే చోట గట్టి పెంకు, తగలని చోట సున్నితమైన గచ్చు, ఎండావానల్ని ఆపే చూరు దగ్గర చెక్క. ఒక గోడలో ఈ లెక్క పట్టుకుంటే మొరాకోలో ఏ భవనం చూసినా పనివాడి ఆలోచన కనిపిస్తుంది.

ఆ మదరసా ఎదుటి గోడకి వరసగా కిటికీలు, కింద చెక్క దూలాలు కనిపిస్తాయి. అది 1357నాటి నీటి గడియారం. దూలాల మీద ఇత్తడి గిన్నెలు ఉండేవి, ఇప్పుడు లేవు. అది ఎలా నడిచిందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇదే అబూ ఇనాన్ ఆజ్ఞ మీదే ఇబ్న్ బతూతా తన ప్రయాణాలన్నీ ఫెజ్‌లో కూర్చుని చెప్పి రాయించాడు. టాంజియర్ నుంచి 1325లో బయల్దేరి, ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసి, దౌలతాబాద్, మలబార్, మదురై చూసినవాడు. మన దక్కను గురించిన మాటలు కాగితం మీదికెక్కింది ఈ వీధుల్లోనే అని తలుచుకుంటే ఆ చోటు మీద నాకు వేరే మమకారం కలుగుతుంది.

ఇంకా దిగితే అత్తారీన్ బజారు, దాని చివర కరావియ్యీన్. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే కైరువాన్ కుటుంబపు స్త్రీ తనకి వచ్చిన ఆస్తితో కట్టించిందని సంప్రదాయం. తలుపులు తెరిచి ఉన్నప్పుడు గుమ్మం బయట నిలబడి ముంగిట్లోకి చూడవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. నమాజు వేళ పక్కకి తప్పుకోండి.

దాని వెనకే సెఫ్ఫారీన్ చౌకు. కంచరివాళ్ల చోటు. ఫెజ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన జాగా ఇదే. నడుమ చెట్టు, చుట్టూ చిన్న చిన్న కొట్లు, కొట్ల ముందు బోర్లించిన రాగి గంగాళాలు. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే గంగాళాల్లో మనిషి కూర్చోవచ్చు, అంత పెద్దవి. కంచరి నేల మీద కూర్చుని, గంగాళం అంచుని ఇనుప దిమ్మకి ఆనించి, కాలితో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ సుత్తితో కొడుతుంటాడు. దెబ్బకి దెబ్బకి మధ్య దూరం మారదు. దగ్గరకి పోయి చూస్తే రాగి మీద ఆ సుత్తి గుర్తులు చేప పొలుసుల్లా వరసగా పడి ఉంటాయి. కొనాలనుకుంటే చిన్న గిన్నెనైనా తిరగేసి చూడండి. చేత్తో చేసినదానికి ఈ గుర్తులు లోపలా బయటా ఉంటాయి, అంచు మందం కొంచెం తేడాగా ఉంటుంది. యంత్రంలో నొక్కిన రేకు అంతటా ఒకే మందం. వంటకి వాడేదైతే లోపల కళాయి పూత ఉందో లేదో అడగండి. చౌకు పక్కన టీ కొట్టు ఉంది, పుదీనా టీ తీసుకుని అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టండి. కాళ్లకి విశ్రాంతి, కళ్లకి పని.

అక్కడి నుంచి పచ్చి తోళ్లని పదును చేసే షువారా అనే చోటు దగ్గరే. పైనుంచి చూడాలంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడ ఎక్కాలి. ముక్కు దగ్గర పెట్టుకోమని పుదీనా రెమ్మ ఇస్తారు. తెల్లగా కనిపించే తొట్లలో సున్నం, పావురాల రెట్ట కలిపిన నీళ్లు. సున్నం వెంట్రుకలు ఊడేలా చేస్తుంది, రెట్టలోని ఘాటు తోలుని మెత్తబరుస్తుంది. తర్వాత రంగు తొట్లు. అన్నీ గసపువ్వు, కుంకుమపువ్వు, నీలిమందు రంగులే అని మేడ మీద చెప్తారు. ఇప్పుడు రసాయన రంగులూ వాడుతున్నారు, ఆ మాట నమ్మి ఎక్కువ ధర పెట్టకండి. నడుము లోతు తొట్లలో దిగి కాళ్లతో తోళ్లు తొక్కే ఆ మనుషుల కష్టం చూస్తే మాత్రం బేరమాడేటప్పుడు మనసు కాస్త మెత్తబడుతుంది, అది మంచిదే. మేడ ఎక్కించినందుకు కొనాల్సిన పని లేదు, చిన్న మొత్తం చేతిలో పెట్టి థాంక్స్ చెప్పి దిగితే చాలు.

మోసాల గురించి అడిగారు. ఎక్కువగా జరిగేది ఒకటే. ఓ కుర్రాడు వచ్చి "అటు దారి మూసేశారు, నేను చూపిస్తా" అంటాడు. దారి మూసి ఉండదు. వెంట వెళ్తే తోలు దుకాణం దగ్గరో తివాచీల దుకాణం దగ్గరో తేలతారు, చివర్లో డబ్బులడుగుతాడు. నవ్వి, "లా, షుక్రాన్" (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడవండి. నిజంగా దారి తెలియకపోతే కొట్లో కూర్చుని ఉన్న పెద్దాయన్ని అడగండి, కొట్టు వదిలి మీ వెంట రాడు కదా. మొదటి పూట మాత్రం ప్రభుత్వ గుర్తింపు కార్డున్న గైడుని, మీరు దిగిన ఇంటివాళ్ల ద్వారా మాట్లాడుకోవడం మేలు. దుకాణాలు వద్దు, కుళాయిలూ పొయ్యిలూ మదరసాలూ చూపించమని ముందే చెప్పండి. షారుఖ్ ఖాన్ పేరు పెట్టి మిమ్మల్ని పిలిచేవాళ్లు మాత్రం దారి పొడుగునా ఉంటారు. హిందీ సినిమాల మీద అక్కడ ఉన్న అభిమానం నిజమైంది, దాన్ని మోసంగా తీసుకోకండి.

ఇంత పాత ఊరు ఇలా మిగలడానికి ఒక కారణం చెప్పాలి. 1912లో ఫ్రాన్స్ మొరాకోని తన రక్షిత రాజ్యంగా చేసుకుంది. అక్కడ ఫ్రెంచి పాలన నడిపిన మొదటి అధికారి (రెసిడెంట్ జనరల్) లియోతే పాత ఊళ్లని కూల్చవద్దన్నాడు. ప్రోస్ట్ అనే నగర శిల్పితో వాటికి ఎడంగా కొత్త పట్నాలు కట్టించాడు. దాని వల్ల మదీనాలు బతికాయి. కానీ అందులో తెల్లవాళ్లనీ స్థానికులనీ వేరు చేసే ఆలోచన కూడా ఉంది. రాజధాని ఫెజ్ నుంచి రబాత్‌కి పోయింది. వర్తకులు, చదువుకున్న కుటుంబాలు క్రమంగా కాసాబ్లాంకాకీ కొత్త పట్నాలకీ తరలిపోతే, పల్లెల నుంచి వచ్చిన పేదలు ఆ పెద్ద ఇళ్లలో గదికో కుటుంబంగా సర్దుకున్నారు. పెచ్చులూడిన గోడలు, దూలాల ఊతంతో నిలబెట్టిన ఇళ్లు మీకు కనిపిస్తాయి. అక్కడ ఉంటున్నవాళ్లకి అది అందమైన పాతదనం కాదు. 1981లో యునెస్కో జాబితాకెక్కాక మరమ్మతులు చాలా జరిగాయి, ఇంకా జరగాల్సింది ఉంది.

ఆ ఇళ్లలో కొన్ని అతిథి గృహాలయ్యాయి, వాటినే రియాద్ అంటారు. దిగితే గోడల లోపల రియాద్‌లోనే దిగండి. వీధిలోంచి చూస్తే బోసి గోడ, చిన్న తలుపు. లోపలికి అడుగుపెడితే మన గోదావరి జిల్లాల మండువా లోగిలి లాగా నడుమ ఆకాశం, చుట్టూ గదులు. ఇల్లు తన అందాన్ని వీధికి చూపించదు. తలుపు దాటగానే వంపు తిరిగే నడవా ఉంటుంది, తలుపు తెరిచినా లోపలి ఆడవాళ్లు బయటికి కనపడకుండా.

మరాకేష్ వేరే రకం ఊరు. 1070 ప్రాంతంలో అల్మొరావిద్‌లు ఎడారి దారి మీద చదును నేలలో వేసిన పట్నం. గోడలు ఎర్రమట్టివి, అట్లాస్ కొండల నుంచి నీళ్లు ఖెట్టారా అనే భూగర్భ కాలవల్లో తెచ్చుకున్నారు. ఫెజ్‌లో గాడిదలకి దారివ్వాలి, ఇక్కడ మోటారు సైకిళ్లకి. అమ్మగారి చెయ్యి పట్టుకుని గోడ వైపు నడిపించండి. వాలు లేదు కాబట్టి ఆనవాలుగా 77 మీటర్ల కుతుబియా మసీదు మినారుని పెట్టుకోండి. బెన్ యూసఫ్ మదరసా, సాదియన్ వంశపు రాజుల సమాధులు బాగుంటాయి. ఆ రాజులు చక్కెర అమ్మిన డబ్బుతో ఇటలీ పాలరాయి తెప్పించుకున్న కాలం అది. జమా అల్ ఫ్నా చౌకుకి సాయంత్రమే వెళ్లండి. యునెస్కో 2001లో అక్కడి కథకుల్నీ పాటగాళ్లనీ మౌఖిక వారసత్వంగా గుర్తించింది. కథ చెప్పేవాడి చుట్టూ గుమిగూడిన స్థానికుల వలయంలో భాష తెలియకపోయినా కాసేపు నిలబడండి. కోతుల్ని, పాముల్ని ఆడించేవాళ్ల దగ్గర ఆగకండి. ఆ జంతువులు పడే బాధ చూడలేం. గోరింటాకు పెడతామని చెయ్యి లాగే వాళ్లకి చెయ్యివ్వకండి. 2023 సెప్టెంబరు 8 భూకంపంలో ఈ చౌకు అంచున ఉన్న ఖర్బూష్ మసీదు మినారు కూలింది, పాత యూదుల పేటలో ఇళ్లు దెబ్బతిన్నాయి. అసలు ప్రాణనష్టం కొండ పల్లెల్లో. మొత్తం మూడు వేల మందికి దగ్గరగా పోయారు.

తిండికి భయం లేదు, కానీ అడగాలి. కూరగాయల తాజీన్ (మట్టి పాత్రలో మగ్గించిన కూర) అని రాసి ఉన్నా మాంసం ఉడికిన నీళ్లు పోయడం మామూలు. హరీరా సూపు కూడా అంతే. శుక్రవారం కుస్కుస్ అనే గోధుమ రవ్వ వంటకం మీద ఏడు రకాల కూరలు పోస్తారు, దాని పులుసు ఎక్కువగా మాంసంతోనే. "మాంసం వద్దు" అంటే ముక్కలు తీసి వడ్డిస్తారు, "మాంసం నీళ్లు కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. నిశ్చింతగా తినగలిగేవి ఉన్నాయి. ఫెజ్‌లో పొద్దున పూట దొరికే బిసారా, ఎండు చిక్కుడు పప్పు మెత్తగా ఉడికించి పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసిస్తారు. కాల్చిన వంకాయ, టమాటా కలిపిన జాలూక్. పొరల రొట్టె మ్సెమ్మెన్, తేనె. ఆలివ్‌లు, ఉప్పులో ఊరిన నిమ్మకాయ. కారం తక్కువ, కాబట్టి ఓ పచ్చడి సీసా వెంట ఉంచుకోండి. మీరు మాంసం తినేవాళ్లయితే మరాకేష్‌లో తన్జియా రుచి చూడండి. మట్టి జాడీలో మాంసం, వెల్లుల్లి, జీలకర్ర, నిమ్మకాయ పెట్టి మూతికి కాగితం కట్టి హమ్మామ్ పొయ్యి బూడిదలో గంటల తరబడి మగ్గనిస్తారు. పేటకి వేణ్ణీళ్లు కాచే మంటే వంటా చేస్తుంది.

మిగతా ఊళ్లు ఒక్క మాటలో. మెక్నెస్‌లో మౌలే ఇస్మాయిల్ కట్టించిన ధాన్యాగారాలు, బాబ్ మన్సూర్ చూడటానికి ఒక పూట చాలు. షెఫ్‌షావెన్ నీలి గోడలకి రైలు లేదు, బస్సులో కొండదారి, మీ రోజులకి అది బరువు. ఎస్సావీరా 1760ల్లో గీత గీసి కట్టిన ఊరు, సముద్రపు గాలి బాగుంటుంది, ఇంకోసారికి ఉంచండి. రబాత్ పాత ఊరు నెమ్మదైంది, బేరాల ఒత్తిడి తక్కువ. అలవాటు పడటానికి అదే మంచి మొదలు.

కాబట్టి కాసాబ్లాంకాలో దిగి రైల్లో రబాత్‌కి వెళ్లి ఒక రాత్రి ఉండండి. తర్వాత దారిలో మెక్నెస్ చూసుకుని ఫెజ్‌లో మూడు రాత్రులు, అక్కడి నుంచి మరాకేష్‌లో రెండు. ఫెజ్ నుంచి మరాకేష్ రైలు ఆరేడు గంటలు పడుతుంది, పొద్దున బండి పట్టుకోండి, తినడానికి రొట్టె, పళ్లు కొనుక్కుని ఎక్కండి. మిగిలిన రాత్రి తిరుగు విమానం కోసం కాసాబ్లాంకాలో.

అమ్మగారి నడక విషయానికి ఫెజ్‌లో ఓ చిట్కా ఉంది. పొద్దున టాక్సీలో బూజెలూద్ దగ్గర దిగి, నేను చెప్పిన వరసలోనే వాలు వెంట కిందికి నడవండి. సెఫ్ఫారీన్ దాటాక కింద ర్‌సీఫ్ అనే చౌకు వస్తుంది, అక్కడికి ఎర్రటి చిన్న టాక్సీలు వస్తాయి. ఎక్కి మళ్లీ పైకి చేరిపోవచ్చు. అంటే ఎక్కుడు ఒక్కటీ ఉండదు, దిగుడే. రాళ్లు పరిచిన దారి తడిస్తే జారుతుంది, అడుగు పట్టు ఉన్న బూట్లు వేయించండి. వెనక నుంచి "బాలక్!" అని కేక వినిపిస్తే గ్యాస్ బండలు మోసే గాడిద వస్తోందని అర్థం, వెంటనే గోడకి ఆనుకోండి. శుక్రవారం మధ్యాహ్నం కొట్లు చాలావరకు మూసేస్తారు. ఆ పూట రియాద్ మేడ మీద విశ్రాంతికి పెట్టుకుని, గురువారం, శనివారం తిరుగుడికి ఉంచుకోండి. జూలై, ఆగస్టు వద్దు, ఎండ దంచుతుంది. మార్చి నుంచి మే వరకు, లేదంటే అక్టోబరులో టికెట్లు చూడండి. రంజాన్ నెల ఏ తేదీల్లో పడుతుందో ముందే చూసుకోండి, పగలు బిసారా కొట్లు తెరవరు.